వద్దు అనడం నేర్పిన టీచరమ్మ

మా సండేస్కూలు టీచరమ్మ కన్నుమూశారు. మొన్న బంగారుపాళ్యం నుంచి అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఏడుస్తూనే నవ్వింది. "ఆస్పత్రిలో నర్సుకు గూడా పాట నేర్పిచ్చిందంట." టీచరమ్మను మీలో చాలామంది ఎరగరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆమె గొంతు పెద్దది, శ్రుతి తక్కువ. కీర్తన ఎత్తుకుంటే తబలా వాయించే అన్న తల పట్టుకునేవాడు. "దేవుడు ఓర్చుకుంటాడు లేప్పా, నువ్వు వాయించు" అనేవారు.

మా చర్చి పక్కనే మామిడికాయల మండీ. ఒక ఆదివారం ఆమె కథ మధ్యలో ఆపి, "మీకు నచ్చకుండా ఎవురు ముట్టుకున్నా, పాస్టరైనా సరే, మామైనా సరే, వద్దు అని అరవాల. ఏదీ, అరవండి సూద్దాం" అన్నారు. పిల్లలందరం అరిచాం. మండీలో లోడెత్తేవాళ్లు గంపలు పడేసి పరుగెత్తుకొచ్చారు. ఆమె పడీపడీ నవ్వి, "సూసినారా, అరిస్తే మనుషులొస్తారు" అన్నారు.

మా చర్చి సంఘపెద్దకు మాత్రం కోపమొచ్చింది. "పిల్లోళ్లకు ఎదురు మాట్లాడేది నేర్పిస్తుండావు టీచరమ్మా."

"నేర్పిస్తుండాను పెద్దయ్యా" అని ఆమె మళ్లీ పాటెత్తుకున్నారు.

ఆ ఎండాకాలమే చర్చిలో జరిగే కూటాలకు వచ్చిన ప్రసంగీకుడొకడు ప్రత్యేక ప్రార్థన అంటూ నన్ను వెనక గదిలోకి ఒంటరిగా పిలిచాడు. నాకు పదకొండేళ్లు. వాడి చెయ్యి నా తలమీదే ఆగలేదు. అరిచాను. తలుపు తోసుకుని ముందొచ్చింది టీచరమ్మే.

పెద్దలు కూడారు. "దైవజనుని మీద నిందేస్తారా? సంఘం పరువు పోతాది" అన్నాడు సంఘపెద్ద. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. తప్పు నాదేనేమోనని నాకు భయం. టీచరమ్మ నా పక్కన కూర్చుని, "నువ్వు చెప్పింది నేను నమ్మినాను పాపా. నీ తప్పేం లేదు" అన్నారు. తర్వాత ఆయన వైపు తిరిగి, "పరువు పోతే పోనీ పెద్దయ్యా. బిడ్డ ముఖ్యం మనకు" అని, అమ్మనూ నన్నూ పోలీస్‌స్టేషనుకు తీసుకెళ్లారు. పోలీసులు వాణ్ణి పట్టుకున్నారు.

ఆ తర్వాత టీచరమ్మ పోరాడి, లోపలున్నది బయటికి కనిపించేలా ఆ గది తలుపుకు అద్దం పెట్టించారు. ఏ పెద్దవాళ్లూ పిల్లలతో ఒంటరిగా ఉండకూడదని నియమం చేయించారు. సంఘపెద్ద చాన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు. అయినా క్రిస్మస్‌కు ఆయనింటికి కజ్జికాయలు పంపడం ఆమె మానలేదు.

నాకు స్టేషను పెద్దగా గుర్తులేదు. బయటికొచ్చాక హైవే పక్కన బండి దగ్గర ఆమె కొనిచ్చిన బేనీషా మామిడిపళ్లు గుర్తున్నాయి. రసం మోచేతుల దాకా కారుతోంది. పొద్దుట్నుంచి ఎందరో నన్ను ఎన్నో అడిగారు. ఆమె అడిగింది ఒక్కటే.

"ఇంకొకటి కావాల్నా పాపా?"

నోటినిండా పండుతో, కావాలని తలూపాను.