నార్బ్ పుస్తకంలో నాలుగో ఇన్నింగ్స్

మిల్వాకీ దక్షిణపు పేటల్లో నార్బర్ట్ జెలిన్‌స్కీని పూర్తి పేరుతో పిలిచినవాళ్ళు ఇద్దరే. ఒకరు వాళ్ళ నాన్న, ఇంకొకరు చర్చి ఫాదరు. మిగతా లోకానికి అతను నార్బ్. ముప్ఫయ్యొక్కేళ్ళు సిటీ బస్సుల డిపోలో బ్రేకులు బాగుచేసి రిటైరయ్యాడు. పేటలో అచ్చయ్యే వారపత్రికలో అరపేజీ రాస్తాడు. డబ్బులేమీ ఇవ్వరు, ఏడాదికోసారి సాసేజీల పెట్టె ఇస్తారు.

ఆ అరపేజీలో మూడే మూడు సంగతులు ఉండేవి: నాటకం, రాక్ సంగీతం, బేస్‌బాల్. ఈ మూడింటికీ పొత్తేమిటని ఎవరైనా అడిగితే నార్బ్‌కు పండగే. అడిగినవాడి చొక్కా గుండీ పట్టుకుని మరీ చెప్పేవాడు.

"క్యాసెట్లో పాడేవాణ్ణి వెయ్యిసార్లు విను, తప్పు పాడతాడా? పాడడు. తప్పు పాడే వీల్లేనివాడి పాట నాకెందుకయ్యా? స్టేజీ మీదవాడికి ముచ్చెమటలు పడుతుంటాయి. మాట మర్చిపోతానేమో, తీగ తెగుతుందేమో, బంతి చేజారుతుందేమో అని. ఆ భయాన్ని పంచుకోవడానికేగా మనం టికెట్ కొనేది!"

సినిమా అంటే మండిపడేవాడు. టీవీలో బేస్‌బాల్ చూసేవాళ్ళను పెళ్ళిభోజనాన్ని ఫోటోలో చూసి త్రేన్చేవాళ్ళంటూ ఎద్దేవా చేసేవాడు. మనిషి మొండివాడు, కానీ ఆ మొండితనం వెనక బోలెడంత ప్రేమ ఉండేది.

అతనికి మరో పిచ్చి కూడా ఉంది. బేస్‌బాల్ చూసేవాళ్ళలో కొందరు గళ్ళ పుస్తకం తెచ్చుకుని, ఏ బ్యాటరు ఏం చేశాడో ఒక్కో గడిలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటారు. నార్బ్ ఆ పుస్తకాన్ని నాటకాలకీ, పాట కచేరీలకీ కూడా పట్టుకెళ్ళేవాడు. నటుడు మాట తడబడితే గడిలో 'ఎర్రర్' గుర్తు పెట్టేవాడు. డ్రమ్ముల కుర్రాడు తాళం తప్పితే అదీ రాసేవాడు. అలాంటి పుస్తకాలు ఇంట్లో అరవై దాకా ఉన్నాయి. ఒక్క దాంట్లోనూ ఖాళీ గడి లేదు, ఈ మార్చి వరకు.

మార్చిలో పాత చర్చి భవనంలో నాటకం చూసి ఇంటికొచ్చి పుస్తకం తీస్తే రెండో అంకం మొత్తం ఖాళీగా ఉంది. పెన్సిల్ విరిగిందేమో అనుకున్నాడు. పెన్సిల్ చక్కగానే ఉంది. మే నెలలో కచేరీ నుంచి వస్తుంటే స్నేహితుడు డ్వేన్ కారు నడుపుతూ పడీ పడీ నవ్వాడు.

"ఆ గిటారువాడు వైరు తట్టుకుని బోర్లా పడ్డాడు చూశావా! నాకైతే పొట్ట చెక్కలైందనుకో."

"చూశాను, చూశాను," అన్నాడు నార్బ్. అతను చూడలేదు. మొదటి వరసలోనే కూర్చున్నాడు, కళ్ళు తెరిచే ఉన్నాడు, అయినా చూడలేదు. పుస్తకంలో మూడు పాటల గళ్ళు తెల్లగా ఉన్నాయి.

వాళ్ళ నాన్న తోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసిన బలమైన మనిషి. చివరి మూడేళ్ళూ కట్టేసి ఉన్న టీవీ ఎదుట కూర్చుని, ఆట ఎంతకొచ్చిందని కొడుకునే అడిగేవాడు, అదీ 'ఎవరబ్బాయివి నాయనా' అని పలకరించాక. ఆ జబ్బు తనకూ వస్తోందా? డాక్టరును అడగడానికి నార్బ్‌కు ధైర్యం చాలలేదు. భార్య ఆర్డిస్‌తో చెప్పడానికి అసలే చాలలేదు. ఆమెకు తెలిస్తే అది నిజమైపోతుంది.

జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం పేట జట్టు ఆట. చిన్న మైదానం, చెక్క స్కోరుబోర్డు. దాని మీద ఇన్నింగ్స్‌కి ఎన్ని పరుగులో తప్ప మరేమీ ఉండదు. మూడో బేస్ వెనక ఓ మూలగా ఉన్న మెట్లు నార్బ్ బృందానివి: అతను, ఆర్డిస్, డ్వేన్, మరో పదిమంది పాత కాపులు. కబుర్లూ బీరూ వాళ్ళవి, ఆట లెక్క మాత్రం నార్బ్‌ది. ఎవరికే అనుమానమొచ్చినా అతని పుస్తకంలోకి తొంగి చూడాల్సిందే.

నాలుగో ఇన్నింగ్స్ మొదలవుతుంటే సాసేజీల బెర్నీస్ తన బండి దగ్గర నుంచి కేకేసింది. "ఆఖరి వాయి! తర్వాత ఏడ్చినా దొరకవు!" అంతే, మెట్లన్నీ ఖాళీ అయ్యాయి. నార్బ్, ఆర్డిస్ మాత్రం మిగిలారు. ఆర్డిస్ ఒడిలో వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

తర్వాత నార్బ్‌కు తెలిసిందల్లా, అందరూ మూతులకు ఆవాలముద్ద అంటించుకుని మళ్ళీ కూర్చుని ఉన్నారు. ఐదో ఇన్నింగ్స్ మొదలైంది. పుస్తకంలో ఎదుటి జట్టు నాలుగో ఇన్నింగ్స్ నిలువునా తెల్లగా ఉంది.

ఇటూ అటూ చూశాడు. ఎవరూ గమనించలేదు. ఆర్డిస్ మైదానం వైపే చూస్తోంది. నార్బ్ గబగబా లెక్క కట్టాడు. మూడు ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు తొమ్మిదిమందీ వరసగా అవుటయ్యారు. ఇప్పుడు బ్యాట్ పట్టుకుని నిలబడ్డది వాళ్ళ వరసలో నాలుగోవాడు, ఆ లావాటివాడు. అంటే నాలుగో ఇన్నింగ్స్‌లో వచ్చింది ముగ్గురు. ముగ్గురు అవుటైతేనే ఇన్నింగ్స్ ముగుస్తుంది కాబట్టి ఆ ముగ్గురూ అవుటయ్యారు. ఇంతేగా! మూడు గళ్ళలో మూడు అవుట్‌లు గీసేశాడు. అరవై పుస్తకాల్లో మొదటిసారి చూడనిది రాశాడు.

ఏడో ఇన్నింగ్స్‌లో డ్వేన్ బీరు గ్లాసు పట్టుకుని వెనక నుంచి వంగి పుస్తకం చూశాడు. ఎదుటి జట్టులో బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరినవాళ్ళ లెక్క, అంటే హిట్‌ల వరస, నిండా సున్నాలు. అతని కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరిచి, టప్పున మూసేశాడు. పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి కళ్ళతోనే పుస్తకం చూపించాడు.

తొమ్మిది ఇన్నింగ్స్ పాటు ఎదుటి జట్టుకు ఒక్క హిట్ కూడా ఇవ్వకపోవడమంటే బంతి విసిరే ఏ పిచ్చరుకైనా జన్మకొక్కసారి దక్కే భాగ్యం. అది జరుగుతుండగా ఆ మాట పైకి అనకూడదు. అంటే దిష్టి తగులుతుంది. కూర్చున్న చోటు మారకూడదు. మూత్రానికి కూడా లేవకూడదు. మెట్ల మీద నిశ్శబ్దం ఒక్కొక్కరినే పట్టుకుంటూ పాకింది. ఒకరి తర్వాత ఒకరు మెల్లగా వంగి పుస్తకం చూసి, తలాడించి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

నార్బ్ జీవితమంతా కోరుకున్న భయం ఇదే. కానీ ఇప్పుడది తియ్యగా లేదు.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అతనికి ఒక సంగతి తట్టింది. అవతలి మెట్ల మీద జనం గలగలా మాట్లాడుకుంటున్నారు. ఒకడు ఈల వేస్తున్నాడు. తల్లులు సంచులు సర్దుకుంటున్నారు. నిజంగా అలాంటి ఆటే అయితే మైదానం మొత్తం మూగబోవాలి కదా? జట్టు బెంచీ వైపు చూశాడు. ఇలాంటప్పుడు పిచ్చరు దరిదాపులకు ఎవరూ పోరు, పక్కన చోటు ఖాళీగా వదిలేస్తారు. ఈ పిచ్చరు రస్, అగ్నిమాపక కేంద్రంలో పనిచేసే కుర్రాడు, ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుని చూయింగ్ గమ్ పంచుకుంటూ నవ్వుతున్నాడు.

నార్బ్ నాలుగో ఇన్నింగ్స్ గళ్ళ వంక చూశాడు. ఆర్డిస్ వైపు తిరిగాడు. ఆమె ఒక్క క్షణం అతని కళ్ళలోకి చూసి, చూపు మైదానం వైపు తిప్పుకుంది. చేతిలో శనక్కాయ ఒలవకుండానే ఉంది. ఆమె కూడా దిష్టికి భయపడి నోరు మెదపడం లేదని సరిపెట్టుకున్నాడు. సరిపెట్టుకోవాలని ఎంతో ప్రయత్నించాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఆఖరి బంతి గాల్లోకి లేచి మైదానం చివర మధ్యలో నిలబడ్డ ఆటగాడి చేతుల్లో పడింది. నార్బ్ బృందం ఒక్కసారిగా లేచి అరిచింది. డ్వేన్ బీరంతా ఒలకబోసుకుంటూ దొరికినవాణ్ణల్లా కౌగిలించుకున్నాడు. "చూశాంరా! మన కళ్ళతో మనం చూశాం!"

మైదానంలో రస్ మామూలుగా నలుగురితో చేతులు కలిపి, టోపీ దులుపుకుని, నీళ్ళ డబ్బా వైపు నడిచాడు. అవతలి మెట్ల జనం ఈ మూల వంక వింతగా చూశారు. అప్పుడు లౌడ్‌స్పీకరు గరగరలాడింది.

"పేట జట్టు పరుగులు రెండు, హిట్‌లు ఐదు. ఎదుటి జట్టు పరుగులు సున్నా, హిట్ ఒకటి. జాగ్రత్తగా ఇళ్ళకు వెళ్ళండి."

అరుపులు ఆగిపోయాయి. అందరి తలలూ పుస్తకం వైపు తిరిగాయి.

"ఒకటేంట్రా నార్బ్?" అన్నాడు డ్వేన్. తర్వాత తనే సర్దిచెప్పాడు. "ఆ పైన లౌడ్‌స్పీకరు దగ్గర లెక్క రాసేవాడెవడో గుడ్డి వెధవై ఉంటాడు. మనవాడు బంతి జారవిడిచిన ఎర్రర్‌ని హిట్ అని రాసుకునుంటాడు. నీ పుస్తకం కంటే వాడి పుస్తకం గొప్పదా? నువ్వు చెప్పు, మేం నమ్ముతాం."

దారి తెరిచే ఉంది. అవునని తలూపితే చాలు. పేటంతా నార్బ్ పుస్తకాన్నే నమ్మేది, పైనున్నవాణ్ణి పదేళ్ళు తిట్టుకునేది. నార్బ్ నోరు తెరిచాడు.

"హిట్టే," అంది ఆర్డిస్.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"నాలుగో ఇన్నింగ్స్. మీరంతా సాసేజీల దగ్గరున్నారు. మొదటివాడు కుడివైపు శుభ్రంగా కొట్టి మొదటి బేస్ చేరాడు. తర్వాతివాడు కొట్టిన బంతికి ఇద్దరూ ఒకేసారి అవుటయ్యారు. మూడోవాడు కొట్టలేక అవుటయ్యాడు."

డ్వేన్ తెల్లబోయాడు. "మరి ఇంతసేపూ చెప్పవేం తల్లీ?"

"మీరెవరూ మాట్లాడట్లేదుగా. నేనూ మాట్లాడలేదు," అంది.

డ్వేన్ నార్బ్ వంక, పుస్తకం వంక చూశాడు. అతనికి ఏదో అర్థమైంది. మెల్లగా ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ మిగతావాళ్ళను కిందికి తోలుకుపోయాడు.

మెట్ల మీద ఇద్దరే మిగిలారు.

"అప్పుడు నేనెక్కడున్నాను?" అని అడిగాడు నార్బ్. ఇంత చిన్న గొంతుతో అతను మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు.

"నా పక్కనే. నా వైపే చూస్తున్నావు. రెండుసార్లు పిలిచాను."

"ఇదొక్కసారేనా?"

ఆర్డిస్ తల అడ్డంగా ఊపింది. "మార్చి నుంచి నేను చూసినవి పదకొండు. నీకు తెలిస్తే అది నిజమైపోతుందని ఊరుకున్నాను, నార్బ్. నాకు భయమేసింది."

నార్బ్ రబ్బరు తీసి నాలుగో ఇన్నింగ్స్‌లో మొదటి రెండు గళ్ళు చెరిపాడు. "మళ్ళీ చెప్పు, మెల్లగా," అన్నాడు. ఆమె చెప్పింది. అతను హిట్ గుర్తు గీశాడు, ఇద్దరి అవుటూ గీశాడు. పేజీ అడుగున, ఆటగాళ్ళ పేర్లు అయిపోయిన చోట, తన పేరు రాసి పక్క గడిలో 'ఎర్రర్' అని గుర్తు పెట్టాడు.

తర్వాత పెన్సిల్‌నీ పుస్తకాన్నీ ఆమె చేతిలో పెట్టాడు. "వచ్చే ఆదివారం నుంచి నువ్వే రాయి."

ఛ, అలాంటిదేం వద్దు, నువ్వే రాయాలి అంటుందేమోనని ఎదురుచూశాడు. ఆర్డిస్ పొట్టు దులుపుకుని, పుస్తకాన్ని తన సంచిలో పెట్టుకుంది.