నిలబడని పంది

2021 ఫిబ్రవరి. ఓర్వకల్లు గుట్టల వెనక ఒక పల్లె. పందులకు కృత్రిమ గర్భధారణ చేసే పనిలో అప్పటికి నాకు ఐదేళ్లు. మా తాత హయాంలో ఆ ఊరి పొలాల్లో సగం మావి. ఇప్పుడు ఒక్క చెక్క కూడా లేదు. ఆ మాట నేనెత్తను. ఇస్త్రీ చొక్కా మాత్రం మానలేదు.

మార్తమ్మకు ఉన్నది ఒక్కటే ఆడపంది. దాని పిల్లల మీదే ఆమె బతుకు. రెండుసార్లు డోసు వేసినా చూలు కట్టలేదు. ఈసారీ తప్పితే కోతకిచ్చేస్తానంది. ఆ రెండు డోసులూ వేసింది నేనే.

పంది వీర్యాన్ని ఆవులదానిలా గడ్డకట్టించి ఉంచం. పదిహేడు డిగ్రీల పెట్టెలో తెచ్చి రెండు మూడు రోజుల్లో వాడేస్తాం. అందుకే వేళ తప్పకూడదు. వేళ తెలియడానికి బ్యాక్ ప్రెషర్ టెస్ట్ చేస్తాం. నడుము మీద బరువు మోపితే, ఎదలో ఉన్న పంది కదలకుండా నిలబడుతుంది. అరచేతులతో నొక్కాను. ముందుకు జరిగింది.

"ఇంకా ఎదకు రాలేదమ్మా. రేపొస్తా."

"పొద్దున్నుంచి మేత ముట్టల్యా, చెవులు నిక్కబెట్టుకోనుండాది. రాలేదంటావేంది రెడ్డీ? పోయినసారీ ఇట్లే రేపంటివి."

"నొక్కి చూశా కదా!"

"యాడ నొక్కితివి? చొక్కాకు బురదయితాదని తాకినావంతే. మగపంది అట్లనే తాకుతాదా? మీ తాత గుర్రమెక్కెనంట. నువ్వు పందెక్కప్పా, ఏం పోదు."

గోడవతల ఎవరో పకపకా నవ్వారు. రెండుసార్లూ ఇలాగే పైపైన నొక్కి రేపన్నానని, డోసు ఒకరోజు ఆలస్యంగా వేశానని అప్పుడర్థమైంది.

బ్యాగు తెరిచి అన్నీ అందేలా పెట్టుకుని, తోకవైపు ముఖం పెట్టి దాని వీపు మీద కూర్చున్నాను. రాయిలా నిలబడిపోయింది. క్యాథెటర్, అంటే వీర్యం పంపే గొట్టం, మెల్లగా తిప్పుతూ ఎక్కించి సీసా పైకెత్తి పట్టుకున్నాను. సీసాను పిండకూడదు. పంది తనంతట లోపలికి లాక్కునేదాకా ఓపిక పట్టాలి. అయ్యేదాకా నేను దిగలేదు, మార్తమ్మ నవ్వలేదు.

ఇరవై ఒక్క రోజులకు అది మళ్ళీ ఎదకు రాలేదు, అంటే చూలు కట్టింది. మూడు నెలల మూడు వారాలు దాటాక మార్తమ్మ ఫోన్ చేసింది.

"తొమ్మిది ఈనింది రెడ్డీ! అన్నీ పాలు తాగుతాండాయి."

కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లకు చేతులు కాదు, ఒంటి బరువు మోపమని చెబుతాను. మార్తమ్మ ఫోన్ చేసిన సాయంత్రమే నా రిజిస్టరు తీశాను. ఆ పంది పేజీలో రెండుచోట్ల 'ఎద బలహీనం' అని రాసి ఉంది. రెండూ కొట్టేసి, 'ఆలస్యం నాది' అని రాసి సంతకం పెట్టాను.