తాడు పట్టినవాడి వాటా

పలాస స్టేషన్లో ఎండునెత్తళ్ళ చేపల సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంటే బెంచీ మొత్తం మనదే, రిజర్వేషన్ అక్కర్లేదు. మొన్న అలా కూర్చున్నప్పుడు, ఆ వాసనంతా దాటుకుని ఒకాయన నా దాకా వచ్చి, పర్సు పోయింది, విశాఖ వెళ్ళాలి, టిక్కెట్టుకి సాయం చెయ్యమన్నాడు. నిజమో అబద్ధమో తేల్చడానికి నా డిగ్రీ పనికిరాలేదు. వాసన మాత్రం నన్ను చిన్నప్పటి మా ఊరు బారువ సముద్రపొడ్డుకి లాక్కుపోయింది.

వానలు వెనకబట్టాక, తెల్లారేసరికి సముద్రంలో వేసిన పెద్దవల తాడు పట్టుకుని ఊరంతా ఇసకలో వెనక్కి వెనక్కి నడిచేది. తడిసిన కొబ్బరిపీచు తాడు అరచేతులు కోసేది, కొసన వేలాడుతూ వల మొత్తం మేమే లాగుతున్నామని పిల్లలం నమ్మేవాళ్ళం, ఎక్కడినుంచో చింతపండు పులుసు ఉడుకుతున్న వాసన వచ్చి ఆకలిని రెట్టింపు చేసేది. వల మా తాతది. దారినపోయేవాడు ఎవరొచ్చి డబ్బులడిగినా ఆయన కథ వినేవాడు కాదు. "తాడట్టుకో" అనేవాడు. తాడు పట్టినవాడికి చేపల్లో వాటా. దానధర్మాల మీద మా ఇంటి శాస్త్రం మొత్తం అంతే.

ఒక ఉదయం కంచిలి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. పాదాలు ఉబ్బి ఉన్నాయి, మోచేతి దగ్గర కట్టు. మర్నాటికల్లా విశాఖ ఆస్పత్రిలో ఉండాలట, బస్సు చార్జీల్లేవట. తాత మామూలు మాటే అన్నాడు. ఆయన తాడు పట్టి, రెండడుగులేసి ఇసకలో కూలబడ్డాడు. తాడు అరచేతుల్లోంచి జారిపోతూనే ఉంది, ఆయన మాత్రం చేతులు తియ్యలేదు.

ఆ రోజు పడిన చేపలు అందరి మొహాలూ చిన్నబోయేటన్ని. తాత కుప్పలు పెడుతూ ఆయన ముందూ ఒకటి పెట్టబోతే, వరసకి అల్లుడైన అప్పన్న అడ్డొచ్చాడు.

"మావా, ఆడు తాడు లాగినాడా, తాడే ఆడిని లాగినాదా?"

ఒడ్డంతా నవ్వింది. ఆ మనిషి తలొంచుకున్నాడు. తాత చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మా నానమ్మ అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునే మనిషి గనక సహజంగానే మితభాషి. ఆవిడ చుట్ట బయటికి తీసిందంటే అలలు కూడా ఒక్క క్షణం ఆలోచించేవి. తీసింది.

"ఎవుడెంత లాగినాడో సేపలకి తెలుత్తాదేట్రా అప్పన్నా?"

అప్పన్న తన కుప్పలోంచి దోసెడు తీసి ఆ మనిషి ముందు పోశాడు. వెనకాలే ఇంకొందరు. నానమ్మ ఆ కుప్పంతా బేరమాడకుండా కొని, కొంగుముడి విప్పి డబ్బిచ్చింది. చేపలమ్మే మనిషి చేపలు కొనడం నేను చూసింది ఆ ఒక్కసారే. అంత సముద్రం ఎదురుగా ఉండగా, నేను నోరు తెరుచుకుని చూసింది ఆ చిన్న కుప్పని. ఆయన చెప్పింది నిజమో కాదో మాకెవరికీ ఇప్పటికీ తెలీదు.

ఇప్పుడక్కడ మోటారు బోట్లు. లాగే కుర్రాళ్ళు వలసపోయారు, తాతా నానమ్మా పోయారు, అడిగినవాడి చేతికి అందించడానికి ఒడ్డున తాడే లేదు.

మొన్న స్టేషన్లో లేచి, సంచీ కాడల్లో ఒకటి ఆ పర్సు పోయిందన్నాయనకిచ్చి, రెండోది నేను పట్టుకున్నాను. ఇద్దరం మోసుకుంటూ టిక్కెట్ల కిటికీ దాకా వెళ్ళాం. టిక్కెట్టు తీసి చేతిలో పెట్టాను.

"ఇంత తేలిక సంచీకి ఇద్దరం ఎందుకు బాబూ?" అన్నాడు.

"సేపలకి తెల్దులే" అన్నాను.