ఎడారి మొక్కకు పోసిన బియ్యం నీళ్ళు

రెండు వారాల కిందట మా తోడల్లుడు ఫోన్ చేశాడు. చూపు మందగించిందనీ, అంత పెద్ద బండి ఇక నడపవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడనీ, అందుకని వంటగదీ పడకలూ ఉన్న తన ఆర్‌వీ బండిని ఎవరో కుర్ర దంపతులకు అమ్మేశాననీ చెప్పి, చివర్లో, “శనివారం వచ్చి పికప్ చేసుకుంటారట అన్నయ్యగారూ. లోపల మీవేమైనా ఉండిపోయాయేమో, మీరూ వదినగారూ ఒకసారి వచ్చి చూసుకోండి,” అన్నాడు. నావి ఏముంటాయి ఆ బండిలో? నేను అందులో కాలు పెట్టి పద్దెనిమిదేళ్ళయింది. ఆ మాటే అనబోయాను గానీ, ఎదురుగా సోఫాలో కూర్చున్న మా ఆవిడ అప్పటికే శాలువా మడత పెట్టుకుంటోంది, శనివారం రేపే అన్నట్టు.

నేను అవమానాలు మరిచిపోయే మనిషిని కాను. ఈ మాట గొప్పగా చెప్పుకోవడం లేదు, ఉన్న సంగతి చెబుతున్నాను. ఏ పెళ్ళిలో నన్ను వెనక వరుసలో కూర్చోబెట్టారో, ఏ గృహప్రవేశానికి అందరికీ ఫోన్ చేసి నాకు మాత్రం మెసేజ్ పెట్టి ఊరుకున్నారో, అన్నీ నిన్న జరిగినట్టే గుర్తుంటాయి. మన వయసు వాళ్ళలో ఇలాంటివాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కనుక మీకు వింతగా తోచకపోవచ్చు. అయితే ఇన్ని మోసుకుని తిరిగితే భుజాలు నొప్పెడతాయని మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు.

అసలు ఈ కెనడా దేశానికి ముందు వచ్చింది నేను. నది ఒడ్డున కలప మిల్లులో షిఫ్టులు చేసి బర్నబీలో ఇల్లు కొనుక్కున్న తర్వాత, మా మరదలినీ ఆవిడ భర్తనూ పిలిపించుకుని పదకొండు నెలలు మా బేస్‌మెంటులో పెట్టుకున్నాం. తోడల్లుడికి కారు నడపడం నేర్పింది నేనే. ఆదివారం పూట మూసి ఉన్న కొట్ల ముందు ఖాళీ పార్కింగులో, వానలో, మంచులో నేర్పాను. మంచు పారతో ఎలా తీయాలో, ఏ షూ కొనాలో, పక్కింటివాళ్ళతో వాతావరణం గురించి ఎంతసేపు మాట్లాడాలో, అన్నీ నా దగ్గర నేర్చుకున్నవే. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదాని బరువు మీకు తెలియాలి.

అతను ఆర్‌వీ కొన్న ఏడాది వేసవిలో మేం నలుగురం మొదటిసారి దూరప్రయాణం కట్టాం. కెనడాలో ఎడారి ఉందంటే మన ఊళ్ళో ఎవరూ నమ్మరు, నేనూ నమ్మలేదు. కానీ వానా పచ్చదనమూ తప్ప ఇంకేమీ కనిపించని మా వైపు నుంచి కొండలు దాటి నాలుగు గంటలు వెళ్తే, ఎక్కడో గీత గీసినట్టు చెట్లు ఆగిపోయి, గోధుమరంగు గుట్టలూ, నేలబారు నాగజెముళ్ళూ, బూడిదరంగు పొదలూ మొదలవుతాయి. ఆ పొద ఆకు చేత్తో నలిపితే కర్పూరానికీ వాముకీ మధ్య ఏదో వాసన వస్తుంది. మా మరదలు దారి పొడుగునా ఆ ఆకులు కోసి రుమాలులో మూటకట్టుకుంది. మేం దిగిన క్యాంపుగ్రౌండు ఆ గుట్టల మధ్యలో ఉంది. పాములున్నాయి జాగ్రత్త అన్న బోర్డు, వరసగా బళ్ళు నిలిపే చోట్లు, ఒక్కో చోటుకు ఒక బల్లా, ఒక కుళాయీ, ఒక్కొక్క మొక్కా. మా చోటులో ఉన్న మొక్క నా నడుమెత్తు కూడా లేదు. సగం ఆకులు ఎండిపోయి, రేపో మాపో అన్నట్టుండేది.

పనులు ముందే పంచుకున్నాం. బండి నడపడం, దాన్ని వెనక్కి తీసి సరిగ్గా నిలపడం తోడల్లుడి పని. ఆఫీసు గదికి వెళ్ళి కాగితాలు చూసుకోవడం, రోజూ సింకు నీళ్ళు నిండే ట్యాంకుకు గొట్టం తగిలించి దూరంగా ఉన్న గుంటలో ఖాళీ చేయడం నా పని. వంట అక్కచెల్లెళ్ళది. ఆ గొట్టం పని నాకు మొదటిరోజే రోత పుట్టింది. మిల్లులో ముప్ఫై ఏళ్ళు ఏ పనికీ వెనకాడనివాణ్ణి, సెలవుల్లో ఈ కంపేమిటని. ఇంట్లో మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు ఎప్పుడూ పారబోసేది కాదు, కిటికీ దగ్గర కుండీలో ఉన్న కరివేపాకు చెట్టుకు పోసేది. ఆ చెట్టు కెనడా చలికాలాలు అన్నేళ్ళు బతికిందంటే ఆ నీళ్ళ చలవే. అందుకని, ఆ నీళ్ళు సింకులో పోయకుండా బయట ఆ ఎండిపోతున్న మొక్కకు పోయమని నేనే చెప్పాను. మొక్కమీద జాలి కొంత ఉంది, కాదనను. ట్యాంకు నెమ్మదిగా నిండుతుందన్న ఆశ అంతకంటే ఎక్కువ ఉంది. మా ఆవిడకు మాత్రం ఉన్నది జాలే. రెండు పూటలా గిన్నె పట్టుకుని దిగి, ఆ మొక్క మొదట్లో మట్టి గట్టు కట్టి మరీ పోసింది.

మూడోరోజు మధ్యాహ్నం గడ్డిటోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ చేతిలో కాగితంతో వచ్చింది, ఆ స్థలం చూసుకునే మేనేజరు. మా ఆవిడ సరిగ్గా అప్పుడే గిన్నె వంచుతోంది. వంటింటి నీళ్ళు నేలమీద పోస్తే ఈగలూ ఎలుకలూ చేరతాయనీ, వాటి వెనక పాములు వస్తాయనీ, ఎవరు పోయమన్నారనీ ఆవిడ గట్టిగా అడిగింది. చుట్టుపక్కల బళ్ళవాళ్ళు కుర్చీలు తిప్పుకుని చూశారు. మా ఆవిడ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది గానీ ఎవరి పేరూ చెప్పలేదు. నేను లేచి, మాకు ఇలాంటి రూలు ఉందని ఎవరూ చెప్పలేదన్నాను. ఒకసారి కాదు, నాలుగుసార్లన్నాను, ప్రతిసారీ గొంతు పెంచి. అప్పుడు మా తోడల్లుడు నా భుజం మీద చెయ్యి వేసి నన్ను పక్కకు తప్పించి, ఆవిణ్ణి బండి అవతలికి తీసుకెళ్ళి ఏదో మాట్లాడాడు. అన్నీ వినపడలేదు. వినపడిన ఒక్క ముక్క చాలు: “సారీ మేడమ్, దే ఆర్ న్యూ హియర్.”

కొత్తవాళ్ళట! ఎవరు కొత్త? పౌరసత్వం కాగితం అతని కంటే ఎన్నో ఏళ్ళ ముందు తీసుకున్నవాణ్ణి, అతనికి స్టీరింగు పట్టుకోవడం నేర్పినవాణ్ణి, నేను కొత్త!

మర్నాడు దగ్గర్లోని పాత మజిలీ చూడటానికి వెళ్ళాం. బంగారం కోసం జనం ఎగబడి వచ్చిన రోజుల్లో గుర్రబ్బళ్ళు ఆగిన చోటట. చెక్క గదులు, ఇనుప పొయ్యిలు, అప్పటి బట్టలు కట్టుకుని తిరిగే మనుషులు. అక్కడొక గదిలో మనకూ ఆ బట్టలు తొడిగి ఫోటో తీస్తారు. మా మరదలు సరదాపడి మా నలుగురికీ నాలుగు కుర్చీలు వేయించింది. నేను రానన్నాను. “బావగారూ, ఒక్క ఐదు నిమిషాలండీ, టోపీ మీకు బాగుంటుంది,” అంది. గుమ్మం బయట గుర్రాలకు పెట్టిన గడ్డి చూస్తూ నిలబడ్డాను. ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ ఇంట్లో మెట్ల దగ్గర ఉంది. పొడుగు గౌన్లలో అక్కచెల్లెళ్ళు, టోపీతో తోడల్లుడు, మా ఆవిడ పక్కన ఒక ఖాళీ కుర్చీ.

ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదని కాదు. పండగలకు కలిశాం, పిల్లల పెళ్ళిళ్ళలో పక్కపక్కనే నిలబడ్డాం. ఆర్‌వీ మాత్రం ఎక్కలేదు. ఆ క్యాంపుగ్రౌండుకు మూడు ఉత్తరాలు రాశాను, నియమాలు ముందు చెప్పకుండా అతిథులను అవమానించడం ఏ పద్ధతని. జవాబు రాలేదు. ప్రతి వేసవికి ముందు మరదలు ఫోన్ చేసేది, “ఈసారైనా వస్తారా బావగారూ, అక్క రాకపోతే నాకూ బాగోదు,” అని. ఒక ఏడు ఇంటి కప్పు పని అన్నాను, ఒక ఏడు మోకాలు అన్నాను, తర్వాత తర్వాత కారణం చెప్పడం కూడా మానేశాను. నువ్వు వెళ్ళిరా అంటే మా ఆవిడ, మీరు లేకుండా నేనెందుకు అనేది. ఇంకో సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను. ఆ ఎడారి నుంచి వచ్చాక ఆవిడ బియ్యం నీళ్ళు కుండీలో పోయడం మానేసింది. సింకులోనే వంపేసేది. కరివేపాకు చెట్టు రెండో చలికాలం దాటలేదు.

శనివారం వెళ్ళాం. మా మరదలికి తుంటి ఆపరేషన్ అయింది, ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుంటే గానీ ఆ మెట్లు ఎక్కలేకపోయింది. బండి కొన్నవాళ్ళు వచ్చేలోగా చివరిసారి అందులోనే టీ పెట్టుకుందామని తన కోరిక. ఇంటిముందు నిలిపి ఉన్న బండిలో, ఆ చిన్న బల్ల దగ్గర అక్కచెల్లెళ్ళు ఇరుక్కుని కూర్చుని, సీసాలో అడుగున మిగిలిన బూడిదరంగు ఆకుల పొడి వాసన చూసుకుంటూ నవ్వుకుంటున్నారు. నేను సొరుగులు ఖాళీ చేస్తున్నాను. అగ్గిపెట్టెలూ, పాత మ్యాపులూ, వాటి అడుగున నాలుగు మడతల కాగితం ఒకటి. విప్పాను. ఆ క్యాంపుగ్రౌండు నియమాలు, మొత్తం పన్నెండు. ఒక్కొక్కదాని పక్కన పొట్టి సంతకం. ఏడోది, సింకు నీళ్ళు నేలమీద పోయరాదు. దాని పక్కన ఉన్న సంతకం నాది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఆఫీసు గది. తిరగని ఫ్యాను, నా వెనక వరుస, బయట తోడల్లుడి హారన్. చదవకుండా పన్నెండు చోట్లా గీకేసి వచ్చాను. ఎవరూ చెప్పలేదని పద్దెనిమిదేళ్ళు ఊరంతా చెప్పింది నేను, నమ్మింది కూడా నేనే.

తలెత్తితే తోడల్లుడు చూస్తున్నాడు. బయటికి రమ్మని సైగ చేశాడు. “ఆ రోజు ఆ మేనేజరు తెచ్చింది ఇదేనండీ. సంతకం పెట్టినాయన్ని పిలవండి, సాయంత్రంలోగా ఖాళీ చేయండి అంది. మీరేమో వదినగారి ముందు ఎవరూ చెప్పలేదని అరుస్తున్నారు. ఏం చెప్పమంటారు నన్ను? కొత్తవాళ్ళు, తెలీక సైన్ చేశారు అన్నా.”

“అప్పుడే నాకు చూపించవచ్చు కదా,” అన్నాను.

“అమ్మో! కారు నేర్పేటప్పుడు మీరు అరిచిన అరుపులే ఇంకా చెవుల్లో ఉన్నాయి. ఇది కూడా చూపిస్తే మన మధ్య ఉన్న ఆ నాలుగు మాటలూ ఉండేవి కాదండీ,” అని నవ్వాడు. అందులో వెటకారం కోసం వెతికాను, అలవాటు కొద్దీ. దొరకలేదు.

లోపలికి వచ్చి ఆ కాగితం మా ఆవిడ ముందు పెట్టాను. ఆ నీళ్ళు పోయమన్నది నేను, ఈ సంతకం నాది, మాటపడ్డది నువ్వు అన్నాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఏడో నియమం దాకా చదివి, “ఇప్పుడా చెప్పేది?” అని, కప్పు నా వైపు జరిపింది. మా మరదలు ఆ ఆకుల సీసాకు మూత బిగించింది. తర్వాత, “అయితే వచ్చే వేసవికి వెళ్దామా బావగారూ?” అంది, వెంటనే తన మాటకు తనే నవ్వేసి. ఎక్కడికి వెళ్తాం? నడిపే కళ్ళు లేవు, ఎక్కే కాళ్ళు లేవు, బండి కోసం వచ్చేవాళ్ళు అప్పటికే వీధి మలుపులో ఉన్నారు.

ఆ కుర్ర దంపతులు మంచివాళ్ళే. ఇప్పుడు ఆ ఎడారి చోట్లకు నెలల ముందే ఫోన్లో బుక్ చేసుకోవాలట, వేసవిలో అడవులు తగలబడి పొగ కమ్మితే అదీ రద్దవుతుందట. నియమాలు కూడా ఫోన్లోనే వస్తాయి, ఒక గడిలో టిక్కు కొట్టేస్తాం అని ఆ అమ్మాయి చెప్పింది. చదివి కొట్టమ్మా అన్నాను. ఎందుకన్నానో ఆ అమ్మాయికి తెలిసి ఉండదు. బండి వెనక్కి తీస్తుంటే తోడల్లుడు సగం చూపుతోనే చేతులూపి దారి చెప్పాడు. అది మలుపు తిరిగి వెళ్ళిపోయిన తర్వాత గానీ, దాని ముందు నలుగురం నిలబడి ఒక ఫోటో తీయించుకోవలసిందని ఎవరికీ తట్టలేదు. అడిగితే ఆ అమ్మాయి సంతోషంగా తీసేది.

బండి నిలిచిన చోట పొడిగా ఒక పెద్ద దీర్ఘచతురస్రం మిగిలింది. మేం చూస్తుండగానే చినుకులు పడి అది కూడా తడిసి కలిసిపోయింది. ఆ మొక్క ఉందో పోయిందో నాకు తెలియదు, ఇక తెలుసుకోలేను కూడా. ఇంటికి వచ్చాక మా ఆవిడ రాత్రి అన్నానికి బియ్యం కడుగుతుంటే వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆ నీళ్ళు ఇలా ఇమ్మని గిన్నె చేతిలోకి తీసుకున్నాక చూస్తే, పోయడానికి కిటికీ దగ్గర కుండీ లేదు.