పదకొండో పరికరం

మా పిన్ని మాట పోయినవాళ్లకు మాట నేర్పుతుంది. పక్షవాతం వచ్చి నాలుక తిరగనివాళ్లు, తలకు దెబ్బ తగిలి పదాలు మరిచిపోయినవాళ్లు ఆవిడ దగ్గరికి వస్తారు. ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లు పనిచేసి, మోకాళ్లు మొరాయించాక ఇంటి నుంచే వీడియోలో నేర్పడం మొదలుపెట్టింది. కొత్తవాళ్లు మాత్రం మొదట ఒకసారి ఇంటికి వచ్చి చూపించుకుని వెళ్తారు. తెరకు దగ్గరగా కూర్చుని పెదవులు ఎలా కలపాలో, నాలుక ఎక్కడ ఆనించాలో చూపిస్తుంది. అంటే అవతలివాళ్లకు ఆవిడ నోరు కనబడాలి. అది ఆగిపోతే పాఠం లేనట్టే.

పోయిన ఏడాది సరిగ్గా అదే జరిగింది. పాఠం మధ్యలో ఆవిడ ముఖం అవతలి తెర మీద బిగుసుకుపోయేది. అరనిమిషం, ఒక్కోసారి రెండు నిమిషాలు. విచిత్రం ఏమిటంటే అవతలివాళ్లు మాత్రం ఈవిడకు చక్కగా కనబడేవారు. తన బొమ్మ కదలడం లేదని ఆవిడకు చాలాసేపటిదాకా తెలిసేదే కాదు.

అప్పట్లో ఆవిడ దగ్గర ఒక మాజీ బస్సు కండక్టరు నేర్చుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు బస్సు చివరిదాకా వినబడేలా కేకలేసిన మనిషికి ఒక ఉదయం గొంతు ఉండీ మాట పోయింది. "నీళ్లు" అనే ఒక్క మాట కోసం మూడు వారాలు కష్టపడ్డాడు. "నీ" దాకా వచ్చేవాడు. అక్కడికి రాగానే పిన్ని బొమ్మ ఆగిపోయేది. ఒకరోజు ఆయన భార్య ఫోన్ చేసింది.

"ఆయన ఇక కూర్చోనంటున్నారమ్మా. తను తప్పు పలికినప్పుడల్లా మీరు విసుగొచ్చి నోరు మూసేసుకుంటున్నారని అనుకుంటున్నారు."

ఈ మాట నాకు చెబుతూ పిన్ని కోపంగా అంది: "ఆ మనిషికి నేను విసుక్కున్నట్టు కనబడ్డానా? పద్దెనిమిదేళ్లలో ఒక్కరి మీద విసుక్కుని ఎరగను."

నెట్ కంపెనీకి ఫోన్ చేసింది.

"రౌటర్ ఆపి, ముప్పై సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేయండి మేడమ్."

"ఇప్పటికి ఏడుసార్లు చేశాను బాబూ."

"ఇంకొక్కసారి చేసి చూడండి మేడమ్."

తర్వాత మీటరు పట్టుకుని ఒకతను వచ్చాడు. గోడ దగ్గర వైరు ఊడదీసి, చూసి, మళ్లీ పెట్టాడు. "మా లైను శుభ్రంగా ఉంది. లోపం మీ వస్తువుల్లోనే" అన్నాడు. ఏ వస్తువులో అని అడిగితే, అది తన పని కాదన్నాడు. అతను మెట్లు దిగకముందే ఆవిడ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడినది అని. అలా నాలుగుసార్లు పరిష్కరించారు.

లోపం ఇంట్లోనే ఉందన్నారు కాబట్టి పిన్ని చూపు ఇంట్లోవాళ్ల మీద పడింది. బాబాయి పొద్దున్నే పనికి వెళ్లిపోతాడు, కూతురు కాలేజీలో ఉంటుంది. మిగిలింది అత్తగారు. ఆవిడ పగలంతా టాబ్లెట్‌లో సీరియళ్లు చూస్తుంది. "అత్తయ్యా, నా పాఠాలయ్యేదాకా అది కట్టేయండి" అంది పిన్ని. ఆవిడ కట్టేసి రెండు వారాలు కిటికీ దగ్గర కూర్చుంది. బొమ్మ ఆగడం మాత్రం మానలేదు. "నువ్వు చూస్తూనే ఉన్నావేమో అనుకున్నా" అని బాబాయి కూడా తల్లిని ఒక మాట అన్నాడట. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిన్ని ఒక నోటుపుస్తకం పెట్టింది. బొమ్మ ఆగిన ప్రతిసారీ టైము రాసింది. పది గంటల ప్రాంతంలో, మధ్యాహ్నం ఒంటిగంటకు, నాలుగు దాటాక ఎక్కువ. ఏమిటా వేళలు అని ఆలోచిస్తుంటే బయట మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. మూడో అంతస్తు పిల్లలు బడి నుంచి వచ్చారు. అదే క్షణంలో తెర మీద అవతలి మనిషి, "మేడమ్, మళ్లీ ఆగిపోయారు" అన్నాడు. పిన్ని టైము చూసింది. నాలుగుంబావు. మెట్ల మీద మనుషులు నడిస్తే నా నెట్ ఎందుకు ఆగాలి అనుకుంది.

ఐదోసారి కంపెనీకి ఫోన్ చేసినప్పుడు అదృష్టం కొద్దీ ఓపికున్న అమ్మాయి దొరికింది. "నా నెట్‌లో ఏమేం కలిసి ఉన్నాయో నేను చూడొచ్చా?" అని పిన్ని అడిగింది. చూడొచ్చట. రౌటర్ వెనక చీటీ మీద ఒక అడ్రసు ఉంటుంది, దాన్ని కంప్యూటర్‌లో కొడితే జాబితా వస్తుంది. "ఈ మాట మొదటిరోజే చెప్పొచ్చు కదమ్మా" అంది పిన్ని. "ఎవరూ అడగరు మేడమ్" అంది ఆ అమ్మాయి.

జాబితాలో పదకొండు ఉన్నాయి. కొన్నిటికి పేర్లున్నాయి, కొన్నిటికి ఉత్త అక్షరాలూ అంకెలూ. పిన్ని అత్తగారిని పిలిచి తెర ముందు కూర్చోబెట్టింది. తను ఇల్లంతా తిరుగుతూ ఒక్కొక్కటే ఆపింది. "టీవీ కట్టేశా, ఏది పోయింది?" "పైనుంచి మూడోది." "ప్రింటరు?" "అదీ పోయింది." బాబాయి పాటలు వినే పాత ఫోను, ఎవరికీ గుర్తులేని, ఫోన్‌తో వెలిగించే ఒక బల్బు కూడా బయటపడ్డాయి. కూతురు, బాబాయి ఇంటికొచ్చాక వాళ్ల ఫోన్లూ అలాగే తేల్చారు. పది దొరికాయి. పదకొండోది ఇంట్లో అన్నీ ఆపేసినా పచ్చచుక్కతో వెలుగుతూనే ఉంది.

ఆ అంకెల్లో మొదటి ఆరు చూస్తే తయారుచేసిన కంపెనీ తెలుస్తుందని కూతురు వెతికి చెప్పింది. అది నిఘా కెమెరాలు చేసే కంపెనీ.

"మనింట్లో కెమెరా ఎక్కడుంది?" అంది అత్తగారు.

పిన్ని తలుపు తీసి మెట్ల వైపు చూసింది. పై మలుపులో, బల్బు పక్కన, నిమ్మకాయంత తెల్లటి డబ్బా. ఇంటి యజమాని పెట్టించింది. దొంగల భయమని ఆయన అంటే, మంచిదే అనుకుంది. అది కదలిక కనబడినప్పుడల్లా వీడియో తీసి నెట్ ద్వారా బయటికి పంపుతుంది. ఇంటి నెట్‌లో బయటికి పంపే దారి ఎప్పుడూ ఇరుకే. ఆ ఇరుకు దారినంతా అది ఆక్రమిస్తే పిన్ని ముఖం వెళ్లడానికి చోటు ఏది?

మర్నాడు ఉదయం పాస్‌వర్డ్ మార్చేసింది. పది నిమిషాల్లో యజమాని దిగి వచ్చాడు.

"అమ్మాయ్, మీ నెట్ వస్తోందా?"

"బ్రహ్మాండంగా వస్తోందండీ. మీకేమైనా ఆగిపోయిందా?"

ఆయన తడుముకున్నాడు. "మెట్ల కెమెరా... ఆ రోజు మా ఆవిడ దరఖాస్తు పంపడానికి మీరే పాస్‌వర్డ్ ఇచ్చారు కదా. మా రౌటర్ అంత కిందికి అందదు. చిన్న కెమెరానే కదా అని."

"అది ఏం చూస్తోందో ఒకసారి చూపించండి."

"ఎందుకమ్మా, మీ భద్రత కోసమే."

"నా భద్రతే కదా. నేనూ చూస్తాను."

చూపించక తప్పలేదు. ఫోన్‌లో నిన్నటిది కదిలింది. మెట్లు ఒక మూలన ఉన్నాయి. మధ్యలో ఉన్నది పిన్ని గుమ్మం. తలుపు తెరిచినప్పుడల్లా హాలు సగందాకా కనబడుతోంది. కిటికీ దగ్గర ఊరికే కూర్చున్న అత్తగారు కూడా కనబడుతోంది. నెల క్రితం ఆయన, "మీ ఇంటికి ఈమధ్య రాకపోకలు ఎక్కువయ్యాయే" అన్నప్పుడు పిన్ని నవ్వేసి ఊరుకుంది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమైంది.

"మా ఇంటిని మా నెట్‌తోనే చూస్తున్నారన్నమాట" అంది. గొంతు పెంచలేదు. "నా దగ్గరికి వచ్చేవాళ్లు నోరు వంకరపోయి, చొంగ కారుతూ, పదిమందికీ కనబడటానికి సిగ్గుపడేవాళ్లు. వాళ్లను మీరు కూర్చుని చూశారు. నేనేమో ఈ పెద్దావిడను అనుమానించాను."

"ఇల్లు నాది. ఇష్టం లేకపోతే ఖాళీ చేయొచ్చు."

"చేస్తాను. కెమెరా మాత్రం ఈ పూటే తిప్పాలి."

గొడవ విని యజమాని భార్య దిగి వచ్చింది. ఫోన్ లాక్కుని చూసింది. దాన్ని భర్త చేతిలో పడేసి, పైకి వెళ్లి కుర్చీ తెచ్చింది. తనే ఎక్కి ఆ డబ్బాను ఊడబీకి చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది. పిన్ని పాత వీడియోలు తన ఎదుటే ఒక్కొక్కటీ చెరిపేయించాకే ఆయనను వదిలింది.

ఆ మధ్యాహ్నం కండక్టరు ఇంటికి పిన్ని తనే ఆటోలో వెళ్లింది, మోకాళ్ల నొప్పితోనే. "తప్పు మీది కాదు, నా నెట్‌ది. నేను నోరు మూసుకోలేదు, అది మూయించింది" అని ఆయన ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆయన నమ్మడానికి మూడు పాఠాలు పట్టాయి. "నీళ్లు" రావడానికి ఇంకో నెల. ఆ పోయిన వారాలు లేకపోతే ముందే వచ్చేదని పిన్ని ఇప్పటికీ అంటుంది.

అత్తగారికి టాబ్లెట్ తిరిగి చేతిలో పెట్టి, "నన్ను క్షమించండి అత్తయ్యా" అంది. ఆవిడ కళ్లజోడు సర్దుకుంటూ, "రెండు వారాల్లో కథ ఎంత నడిచిపోయిందో, ఎవరు ఎవరిని పెళ్లి చేసుకున్నారో నువ్వే కూర్చుని వెతికి చెప్పాలి" అంది. పిన్ని వెతికి చెప్పింది.

కంపెనీకి ఇదంతా వివరంగా రాస్తానని కూర్చుంది. వాళ్ల పేజీలో ఇచ్చిన గడిలో రెండు వందల అక్షరాలకు మించి పట్టలేదు. నాలుగు నెలలకు ఇల్లు మారారు. కొత్త ఇంట్లో సామాను దించిన రోజే యజమానురాలు వచ్చి, తమ నెట్ రావడానికి వారం పడుతుందట, అంతదాకా పాస్‌వర్డ్ ఇస్తారా అని అడిగింది. పిన్ని మర్యాదగానే చెప్పింది.

"మీరు ఏం పంపాలన్నా మా హాల్లో కూర్చుని పంపుకోండి. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వను."