చెరువు నాడి తెలిసిన జహంగీర్ సాబ్

మొన్న శుక్రవారం పరీక్షా పత్రాలు దిద్దే పని ముగించుకొని మహబూబ్‌నగర్ నుంచి వస్తూ కోస్గి బస్టాండులో దిగాను. మా ఊరి బస్సు కోసం నిలబడి ఉంటే టీ హోటలు యజమాని దగ్గరికి వచ్చి, "సారూ, మీ జాంగీర్ సాబ్ పొయ్యిండట గద" అన్నాడు. ఎక్కడికి పోయాడని అడిగాను. అతడు తల వంచుకున్నాక గాని ఆ మాటలోని అర్థం నా బుద్ధికి అందలేదు. నాలుగు రోజుల కిందట బడి ముందు సైకిలు ఆపి, "సెలవులల్ల వాగెంబడి పోదాం, కాలు నొస్తుందని సాకులు చెప్పకు పంతులూ" అని హెచ్చరించి వెళ్ళిన మనిషి. ఆ శుక్రవారం తెల్లవారుజామున నమాజుకు లేచి, ఛాతీలో నొప్పిగా ఉందంటూ గోడకు చేరగిలబడ్డాడట. దవాఖానకు తీసుకుపోయే జీపు వాకిట్లోకి రాకముందే ప్రాణం పోయింది. ఇరవై ఏళ్ళ స్నేహం ఒక్క వాక్యంతో గతకాలంలోకి జారిపోవడం నాకింకా నమ్మశక్యంగా లేదు.

పశువుల దవాఖానలో పనిచేసే ఒక కాంపౌండరు కన్నుమూస్తే పత్రికలలో వార్త రాదు. కాని మా పోచసముద్రం చెరువు కింద వరి నాటే ప్రతి రైతూ, అందులో వల వేసే ప్రతి కుటుంబమూ ఈ మనిషిని ఎరుగుదురు. ఎరుగనివారు ఎరగాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మహమ్మద్ జహంగీర్ కల్వకుర్తివాడు. తండ్రి ఎడ్లకు నాడాలు కొట్టేవాడు. పశువు కాలు ఎత్తి పట్టుకోవడం చిన్ననాడే తండ్రి దగ్గర నేర్చుకొని, ఆ తర్వాతనే చదువు నేర్చుకున్నానని ఆయనే చెప్పేవాడు. మా ఊరికి కాంపౌండరుగా వచ్చేనాటికి ఆయనకు ముప్పై ఏళ్ళు నిండలేదు. డాక్టరు కోస్గి నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవాడు. తక్కిన రోజుల్లో ఆ రెండు గదుల దవాఖానకు సర్వస్వమూ జహంగీరే. జనం నోట ఆయన పేరు జాంగీర్ సాబ్ అయింది. సన్నని దేహం, ఖాకీ చొక్కా, సైకిలు వెనుక తాడుతో కట్టిన మందుల పెట్టె. పశువు దగ్గరికి పోయినప్పుడు ముందుగా దాని నుదుటి మీద చేయి వేసి కాసేపు మాట్లాడకుండా నిలబడేవాడు. ఎందుకని అడిగితే, "దానికి నోరు లేదు పంతులూ. మనం నోరు మూసుకుంటెనే అది చెప్పేది వినపడుతది" అన్నాడు. వ్యాకరణం బోధించే నాకు మౌనానికి అంతటి నిర్వచనం ఏ గ్రంథంలోనూ దొరకలేదు.

ఎనభైల చివర మా ప్రాంతానికి పత్తి కొత్తగా వచ్చింది. అంతవరకు జొన్న, కంది, ఆముదం పండిన మెట్ట చేలు తెల్లబడ్డాయి. పత్తి వెంట పురుగు వచ్చింది, పురుగు వెంట మందు వచ్చింది. మందు కొట్టడం అందరూ నేర్చుకున్నారు. కొట్టిన పంపును ఎక్కడ కడగాలో, ఖాళీ డబ్బాను ఏం చేయాలో చెప్పినవారు లేరు.

ఆ ఏడు భాద్రపదంలో ఒక సాయంత్రం మంచి వాన పడింది. మరునాటి ఉదయం పశువులు ఎప్పటిలాగే వాగు వచ్చి చెరువులో కలిసే మూలకు నీళ్ళకు దిగాయి. అంతకుముందు రెండేళ్ళ కరువు వల్ల చెరువు అప్పటికి సగం కూడా నిండలేదు. నీళ్ళు తాగిన పశువులు గట్టెక్కుతూనే వణికి, నోట నురగలు కక్కి కూలబడ్డాయి. లక్ష్మమ్మ అనే వితంతువుకు పాడి బర్రె ఒక్కటే జీవనాధారం. అది ఆమె కళ్ళ ముందే నాలుగు కాళ్ళూ చాపింది. ఇంతలో ఆ మూల నీళ్ళలో చేపలు వెల్లకిలా తేలడం మొదలుపెట్టాయి.

చేపలు తేలగానే గుంపులో ఎవరో బెస్త మల్లయ్య పేరు ఎత్తారు. తేలికగా చేపలు దొరకాలని అతడే నీళ్ళలో మందు కలిపాడని అన్నారు. మల్లయ్య చెరువులో చేపలు పట్టేవారికి పెద్ద. అతడు చేతులు జోడించి ఏదో చెప్పబోతున్నాడు, వినేవారు లేరు. అప్పటికే నలుగురి చేతుల్లో కట్టెలున్నాయి. జహంగీర్ సాబ్ సైకిలు పడేసి గుంపులోంచి నేరుగా పశువుల దగ్గరికి పోయాడు. ఒక ఆవు కనురెప్ప ఎత్తి చూశాడు. కంటిపాప ఆవగింజంత అయి ఉంది. పురుగుమందు విషానికి అది గుర్తట. మరేమీ అడగకుండా పెట్టె తెరిచి విరుగుడు సూదులు వేయసాగాడు. దవాఖానలో ఉన్న మందంతా ఆ ఉదయమే అయిపోయింది. సూది అందిన పశువులలో రెండు తప్ప అన్నీ బతికాయి. అప్పుడు లేచి, తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ గుంపు వైపు తిరిగాడు.

"ఇది పత్తికి కొట్టే మందు. మల్లయ్యను కొడితె చెరువు బాగయితదంటె కట్టె నేనే అందిస్త. చేపల మీద బతికేటోడు పిల్ల చేపలతోని సహా చంపుకుంటడా? జర ఆగుండ్రి. నీళ్లు ఏడికెల్లి ఖరాబయినయో నేను చూసొస్త."

ఒక ముసలమ్మ ఇది చెరువును కాచే కట్ట మైసమ్మ కోపమని, వేటపోతును కోయాలని అన్నది. ఆయన ఆమెతో వాదించలేదు. "మొక్కు చెల్లించుండ్రి అవ్వా, నేనొద్దంటనా. కాని ఒక దిక్కు మొక్కుకుంట, ఇంకో దిక్కు మైసమ్మ నోట్ల మందు నీళ్లు పొయ్యకుండ్రి" అన్నాడు. కట్టెలు ఒక్కొక్కటిగా కిందికి దిగాయి.

ఆ మధ్యాహ్నమే నన్ను వెంటబెట్టుకొని వాగు పైకి బయలుదేరాడు. చదువుకున్నవాడొకడు పక్కన ఉంటే రేపు సాక్ష్యం చెబుతాడని ఆయన ఉద్దేశం. నేను నీళ్ళను చూస్తూ నడిచాను, ఆయన కప్పలను చూస్తూ నడిచాడు. దారి పొడుగునా ఒడ్డున చచ్చిన కప్పలు కనిపించాయి. పిల్లవాగు కలిసే ప్రతిచోటా ఆగి దానిలోకి కొంతదూరం పోయి, బతికిన కప్పలు కనిపిస్తే తిరిగి వచ్చి పెద్దవాగే పట్టుకునేవాడు. మూడు మైళ్ళ మీద ఒక వెడల్పాటి బండ వచ్చింది. బండకు పైన కప్పలు బెకబెకమంటున్నాయి. బండకు కింద ఉన్న మడుగులో ఒక్కటీ లేదు. బండ మీద పాలు ఒలికినట్టు తెల్లని మరకలు, సందుల్లో ఖాళీ డబ్బాలు, ముక్కు పగిలే వాసన. చుట్టుపక్కల పత్తి రైతులందరూ అక్కడే పంపులు నింపుకొని అక్కడే కడుగుతున్నారు. జహంగీర్ సాబ్ ఆ బండ మీద గొంతుకూర్చొని సందులోంచి ఒక ఖాళీ డబ్బాను లాగి చూశాడు. తర్వాత, "ఎవ్వరు కావాలని చెయ్యలే పంతులూ. గదే కష్టం" అన్నాడు.

ఆ బండను ఆనుకొని ఉన్న పెద్ద చేను రాంరెడ్డి పటేలుది. తక్కిన రైతులందరూ ఆయన చేసింది చూసి చేసేవారు. మరునాడు పొద్దున్నే ఇద్దరం అక్కడికి పోయాం. పటేలు స్వయంగా ఎడ్లను తోలుకొని వస్తున్నాడు. ఆ జతలో ఒకదాన్ని అంతకుముందు ఏడు గాలికుంటు వచ్చినప్పుడు పది రోజులు కాపలా ఉండి బతికించినవాడు జహంగీర్ సాబే. విషయం విని పటేలు ముఖం చిట్లించాడు.

"నా చేన్ల నేను మందు కొట్టుకుంటున్న. మూడు మైళ్ల కింద చెరువుల బర్రె చస్తె నేనేం జేస్త సాబూ?"

"ఏం జెయ్యొద్దు పటేలా. మీ ఎడ్లను ఈ మడుగుల తాపుండ్రి. నేను ఎన్కకు తిరిగి పోత."

"అవి బాయి కాడ తాగుతయి."

"ఇయ్యాల ఒక్కసారి ఈడ తాపుండ్రి."

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఎడ్లకు నీళ్ళు కనిపించాయి. ఒకటి మెడ చాచి మడుగు వైపు రెండడుగులు వేసింది. పటేలు రెండు చేతులతో పగ్గం పట్టి వెనక్కు లాగాడు. లాగిన తర్వాత తానేం చేశాడో ఆయనకే తెలిసివచ్చింది. పగ్గం చేతికి చుట్టుకొని నేల చూస్తూ నిలబడ్డాడు. జహంగీర్ సాబ్ గెలిచినవాడిలా నవ్వలేదు. ఎద్దు నుదుటి మీద చేయి వేసి నిలబడ్డాడు. కొంతసేపటికి పటేలే అన్నాడు, "ఏం జెయ్యాల్నో చెప్పు సాబూ."

వాగుకు దూరంగా, గట్టు మీద, పటేలు బావి మోటారు నీళ్ళు అందే చోట ఒక సిమెంటు తొట్టి కట్టారు. పంపులు నింపేదీ కడిగేదీ ఇక అక్కడే. కడిగిన నీళ్ళు వాగులోకి పోకుండా పక్కన గుంత తీశారు. ఖాళీ డబ్బాలు పాతిపెట్టడానికి మరో గుంత. జాగా పటేలు ఇచ్చాడు, రాళ్ళు మల్లయ్య మనుషులు మోశారు. ఎవరి మీద కట్టెలు లేచాయో వారే వచ్చి రాళ్ళు మోయడం చూసి నేను చలించాను. లక్ష్మమ్మకు మాత్రం బర్రె తిరిగి రాలేదు. పటేలు తన కొట్టంలోని బర్రె పడ్డను ఆమె వాకిట్లో కట్టివేసి పోయాడు. ఆ సంగతి జహంగీర్ సాబ్ ఎన్నడూ ఎవరి ముందూ ఎత్తలేదు, నన్నూ ఎత్తనివ్వలేదు. "ఇచ్చినోన్ని సిగ్గుపడనియ్యొద్దు" అనేవాడు.

ఆయన దోషరహితుడని చెప్పబోవడం లేదు. కోపం మెండు. తొట్టి కట్టిన మరుసటి ఏడు బాలయ్య అనే రైతు, తొట్టి దాకా ఎవరు పోతారని, మళ్ళీ బండ మీదే పంపు కడిగాడు. నెల తిరక్కుండా అతడి ఆవు ఈనలేక అవస్థ పడింది. దవాఖానకు పరుగెత్తి వచ్చిన బాలయ్యతో ఈయన, "కోస్గికి పో. నా చెయ్యి నీ గొడ్డు మీద పడదు" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ మాట విని బాలయ్య కంటే నేనే ఎక్కువ నివ్వెరపోయాను. బాలయ్య వెళ్ళిపోయాడు. జహంగీర్ సాబ్ రిజిస్టరు తెరిచి ఏదో రాయబోయి మూసేశాడు. మరి రెండు నిమిషాలకు సైకిలు తీశాడు. మధ్యాహ్నానికి దూడ బతికింది, ఆవూ బతికింది. తిరిగి వచ్చి నా ముందు కూర్చొని, "పొద్దుగాల నేనన్నది తప్పు మాట. తప్పు బాలయ్య చేసిండు, ఆవు ఏం చేసింది?" అన్నాడు. ఆనాటి నుంచి బండ మీద పంపు కడిగేవారెవరైనా కనిపిస్తే ముందుగా అడ్డుకున్నవాడు బాలయ్యే.

మందు డబ్బాలను పాతిపెట్టినంత మాత్రాన నీళ్ళ ఆరోగ్యం కుదుటపడదని ఆయన త్వరలోనే గ్రహించాడు. వాగు ఒడ్డు చివరిదాకా దున్నితే మట్టి కొట్టుకొచ్చి చెరువు పూడుతుందని, ఒడ్డున రెండు నాగళ్ళ వెడల్పు దున్నకుండా గడ్డికి వదలమని ఇల్లిల్లూ తిరిగాడు. రెండు నాగళ్ళ నేల వదలడం మెట్టరైతుకు చిన్న విషయం కాదు. "గడ్డి మీ పశువులకే, కోసుకపోండ్రి. మట్టి మీ చేన్లనే ఉంటది" అని నచ్చజెప్పాడు. మొదటి ఏడు ఆరుగురు వదిలారు. మిగతావారు ఆ ఆరుగురి గడ్డి చూసి వదిలారు. ప్రతి ఏటా మృగశిర కార్తెకు ముందు గుట్ట మొదటి నుంచి చెరువు దాకా వాగెంబడి నడవడం ఆయన వ్రతం. మొదట ఇద్దరం నడిచాం. గత ఏడు నడిచినవారిని వెనక్కు తిరిగి చూస్తే వరుస చివర నాకు కనిపించలేదు.

ఒక దశలో ఆయనకు కల్వకుర్తి బదిలీ వచ్చింది. సొంత ఊరు, ముసలి తల్లి అక్కడే. సంతోషిస్తాడనుకున్నాను. ఆయన పై అధికారిని బతిమాలుకొని బదిలీ ఆపించుకున్నాడు. తల్లిని ఇక్కడికే తెచ్చుకున్నాడు. ఎందుకిట్లా చేశావని అడిగితే, "అమ్మను బస్సుల తోలుకరావచ్చు. చెరువును తోలుకపోలేను గద" అన్నాడు. ఆ తల్లి చివరి మూడేళ్ళూ మా ఊళ్ళోనే గడిపి, ఇక్కడి మట్టిలోనే కలిసింది.

శుక్రవారం సాయంత్రం నేను ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. కల్వకుర్తి నుంచి బంధువులు వచ్చారు. భౌతికకాయానికి స్నానం చేయించే ఏర్పాట్లు జరుగుతున్నాయి. రేగాకు వేసి నీళ్ళు కాచాలి. బంధువులలో ఒక పెద్దాయన మసీదు బావి నుంచి నీళ్ళు తెమ్మని పురమాయించాడు. లోపలి గదిలో నుంచి జహంగీర్ సాబ్ భార్య హలీమా బేగం గొంతు వినిపించింది. ఆ ఇల్లాలు బయటివారితో మాట్లాడగా ఇరవై ఏళ్ళలో నేను వినలేదు.

"బాయి నీళ్లొద్దు. చెరువు నీళ్లు తేండ్రి."

పెద్దాయన తటపటాయించాడు. "పశువులు దిగే చెరువమ్మా. ఆ నీళ్లు పాకేనా, శుద్ధమేనా?"

"సాయంత్రం నమాజుకు ఆయన రోజూ కాళ్లు చేతులు కడుక్కొని వజూ చేసుకున్నది ఆ నీళ్లతోనే" అన్నదామె. "ఇయ్యాల కూడ గవే తేండ్రి."

ఎవరూ ఎవరికీ పని చెప్పలేదు. కొత్త కుండలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. బెస్తలు, కాపులు, మాదిగలు, కట్ట మీద నుంచి ఇంటి వాకిలి దాకా వరుసగా నిలబడి కుండలు చేతి నుంచి చేతికి అందించారు. నా చేతికి వచ్చిన కుండలోకి చూశాను. నీళ్ళలోంచి అడుగు స్పష్టంగా కనిపించింది.

ఆయన పోయినందుకు చెరువు పాడవుతుందని నేను భయపడడం లేదు. ఆ వరుసలో నిలబడ్డవారికి ఏం చేయాలో తెలుసు, చేస్తారు. కాని మూగజీవి నుదుటి మీద చేయి వేసి అది చెప్పేదాకా ఆగగల ఓర్పు మాలో ఎవరికీ లేదు. ఆ లోటు తీరేది కాదు. మిత్రమా, ఈ ఊరి నీళ్ళు నిన్ను కడిగి సాగనంపాయి. ఇంతకు మించిన గౌరవం ఇవ్వడానికి మా దగ్గర మరేదీ లేదు.