హోబర్ట్ బాగుచేసే చర్చి కప్పు

హాలోవేలో బాప్టిస్టు చర్చి కప్పుకు జరిగినన్ని మరమ్మతులు మిసిసిపీ మొత్తం మీద మరే కప్పుకూ జరిగి ఉండవు. ఏటా మార్చి వచ్చేసరికి హోబర్ట్ స్టిగ్లర్ భుజాన నిచ్చెన, చేతిలో సుత్తి, మెడలో దుప్పుల వేటకు వాడే బైనాక్యులర్‌తో పైకెక్కుతాడు. ఏప్రిల్ మధ్యలో దిగుతాడు. కప్పు మాత్రం ఎప్పటిలాగే కారుతుంది.

కారణం పాస్టరు అంబ్రోస్ గారికి తెలియక కాదు. ఆ కప్పెక్కితే కాలేజీవాళ్లు బంతిని చేత్తో పట్టి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం కనిపిస్తుంది. కుర్రాళ్ల వసంతకాలపు సాధన బయటివాళ్ల కంట పడకూడదని కోచ్ మైదానం చుట్టూ ఆకుపచ్చ గుడ్డ కట్టించాడు. దేవుడి ఇంటికి గుడ్డ కట్టించడం కోచ్ తరం కాలేదు.

హోబర్ట్ ఉద్యోగమంతా స్కూలు బస్సు నడపడంలోనే గడిచింది. బస్సు నిండా పిల్లలు అరుస్తుంటే అతనికి నోరు విప్పే అవకాశం ఉండేది కాదు. రిటైరయ్యాక ఆ బాకీ అంతా డెల్బర్ట్ క్షవరం షాపులో తీర్చుకున్నాడు. అక్కడ కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. అందులో కూర్చున్నవాడు మాట్లాడతాడు, మిగతావాళ్లు వింటారు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ, ఊరంతా ఎరిగిన మర్యాద అది. జనవరిలో ఫుట్‌బాల్ పోటీలు అయిపోతే మళ్లీ సెప్టెంబరు దాకా ఊరికి నోట్లో వేసుకోవడానికి ఏమీ ఉండదు. మధ్యలో ఈ సాధన కబుర్లొక్కటే తిండి. వాటిని మోసుకొచ్చేవాడికి కుర్చీ ఇవ్వక ఏం చేస్తారు?

అయితే కిందటేడు హోబర్ట్ కొంప మునిగింది. బంతి విసిరే కొత్త కుర్రాడు మన జట్టును ఆకాశానికెత్తేస్తాడని కప్పు దిగి వచ్చి చాటాడు. ఆ కుర్రాడు అక్టోబరు రాకముందే ఆట మానేసి, కాలేజీ బ్యాండులో చేరి డ్రమ్ము వాయించుకుంటున్నాడు. దాంతో కుర్చీ పెట్రోలు బంకు యజమాని రూపర్ట్ గ్యాంబుల్ పాలైంది. గ్యాంబుల్ వదిన కాలేజీ లాండ్రీలో జట్టు బట్టలు ఉతుకుతుంది. ఎవడి ప్యాంటుకు ఎంత మట్టి అంటిందో చెప్పి, దాన్నిబట్టి ఎవడెలా ఆడాడో గ్యాంబుల్ తేల్చేవాడు. మట్టి మరకల మాటలు వింటూ గోడ పక్క బెంచీ మీద కూర్చోవడం హోబర్ట్‌కు ప్రాణాంతకంగా ఉండేది.

అలాంటి సమయంలో ఈ మార్చిలో అతని కంట నలభై ఒకటో నంబరు కుర్రాడు పడ్డాడు.

కప్పు మీంచి చూస్తే మైదానానికి ఇవతలున్న రేకుల షెడ్డు ఒకటి సరిగ్గా నడుమకు అడ్డం వస్తుంది. దానికి ఎడమవైపు తెల్లచొక్కాల వాళ్లు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తడం సాధన చేస్తారు. కుడివైపు ఎర్రచొక్కాల వాళ్లు అలా పరుగెత్తేవాళ్లను పడగొట్టడం సాధన చేస్తారు. తెల్లచొక్కా నలభై ఒకటి గాల్లో వచ్చే బంతిని ఒంటిచేత్తో అందుకుని షెడ్డు వెనక్కి వెళ్లాడు. కాసేపటికి అవతలి వైపునుంచి ఎర్రచొక్కా నలభై ఒకటి బయటికొచ్చి, తనకు రెండింతలున్నవాణ్ణి నేలకరిపించాడు. హోబర్ట్ చేతిలో సుత్తి జారి కప్పు మీంచి దొర్లుకుంటూ పాస్టరుగారి గులాబీ మొక్కల్లో పడింది.

రాత్రి వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టుకుని కూడా అతను తినలేదు. కోచ్ రహస్యం తనకు దొరికిపోయిందన్నాడు. ఒక్క కుర్రాడి చేతే రెండు వైపులా, పరుగెత్తేవాడిగానూ పడగొట్టేవాడిగానూ ఆడిస్తున్నాడట, షెడ్డు వెనక చొక్కా మార్పిస్తున్నాడట, పక్క కాలేజీవాళ్లకు తెలియకుండా దాస్తున్నాడట.

అతని భార్య జెనీవా రొట్టెకు వెన్న రాస్తూ, "ఇద్దరున్నారేమోనయ్యా," అంది.

"ఉంటే నాకు తెలీదా?"

తెలియాలి మరి. వసంతకాలంలో జట్టు నిండా జనం ఉంటారనీ, నంబర్లు చాలక ఒకే నంబరు ఇద్దరికిస్తారనీ హాలోవేలో తొట్టెలో పిల్లకు కూడా తెలుసు. కానీ హోబర్ట్ హైస్కూల్లో ఆడిన రోజుల్లో ఒక్కడే రెండు వైపులా ఆడేవాడు. అతనూ అలాగే ఆడాడు. మోకాళ్లు చీరుకుపోయినా మైదానం వదల్లేదు. ఇప్పుడలా ఎవరూ ఆడటం లేదు. ఆ కుర్రాణ్ణి చూస్తుంటే తన పదిహేడో ఏడు కళ్ల ముందు తిరిగింది. మనిషికి ఏదైనా అంతగా కావాలనిపించినప్పుడు, కళ్లు అదే చూపిస్తాయి.

మర్నాడు క్షవరం షాపులో బెంచీ మీదనుంచే మొదలుపెట్టాడు. సగం గడ్డం గీయించుకున్నవాడు కూడా తల తిప్పి విన్నాడు. వారం తిరిగేసరికి ఊళ్లో నలభై ఒకటి తప్ప వేరే ముచ్చట లేదు. గ్యాంబుల్ మాత్రం కాదనలేదు, వెక్కిరించలేదు. వాడు నిజంగా ఒక్కడేనా అని మెత్తగా అడిగాడు. అంత మెత్తగా అడిగినప్పుడే హోబర్ట్ అనుమానించాల్సింది. బదులుగా లేచి నిలబడి పందెం కాశాడు.

"సాధన ముగిసే శనివారం ఊరందరి ముందూ ఆడతారుగా. ఆ రోజు నలభై ఒకటి రెండు వైపులా ఆడితే నా కుర్చీ నాకిచ్చెయ్. ఆడకపోతే మర్నాడు ఈస్టర్ ఆరాధనలో పెలికాన్ల పసుపు చొక్కా వేసుకుని పాటగాళ్ల వరసలో పాడతాను."

షాపులో కత్తెర ఆగిపోయింది. మన జట్టు పేరు కంచరగాడిదలు, పక్క జిల్లా కాలేజీ జట్టు పేరు పెలికాన్లు. ఆ పసుపు రంగు చూస్తే హాలోవేలో కొందరు అరటిపండు కూడా ముట్టరు.

శనివారం గేట్లు తెరిచారు. ఉడకబెట్టిన వేరుశనగకాయల పొట్లాలతో ఊరంతా దిగింది. హోబర్ట్ ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన గ్యాంబుల్, వెనక డెల్బర్ట్. జట్టు తెల్లచొక్కాలు, ఎర్రచొక్కాలుగా చీలి ఎదురుబొదురు నిలబడింది. మొదటి బంతి గాల్లోకి లేచింది. తెల్లచొక్కా నలభై ఒకటి ఒంటిచేత్తో అందుకున్నాడు. హోబర్ట్ లేచి నిలబడ్డాడు. బంతి అందుకున్నవాడు ఇటు తిరిగాడో లేదో, ఎర్రచొక్కా నలభై ఒకటి ఎదురుగా వచ్చి గుద్ది వెల్లకిలా పడేశాడు.

గ్యాంబుల్ నోట్లోని పల్లీ నమిలి, మింగి, అప్పుడన్నాడు.

"చూశావురా హోబర్ట్, మీవాడు వాణ్ణి వాడే పడగొట్టుకున్నాడు."

ఆ మాట వరసలన్నీ ఎక్కి పైదాకా పోయింది. నవ్వు కూడా దాని వెంటే ఎక్కింది. హోబర్ట్ మాత్రం కూర్చోలేదు. పడ్డవాడికి పడగొట్టినవాడు చెయ్యందించి లేపడం, ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుకోవడం చూస్తూ నిలబడిపోయాడు.

పసుపు చొక్కా ఆ సాయంత్రమే ఇంటికొచ్చింది. గ్యాంబుల్ ముందే కొని ఉంచాడు, కొలత కూడా సరిగ్గా సరిపోయింది. జెనీవా దాన్ని ఇస్త్రీ చేసింది. ఓడినవాడు ముడతలతో ఓడకూడదంది. ఇద్దరున్నారని తను ముందే అన్న సంగతి మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండునని హోబర్ట్‌కు అనిపించింది.

నిద్ర పట్టలేదు. చొక్కా గురించి కాదు. తప్పు చెప్పినవాణ్ణి ఒకసారి క్షమిస్తారు, రెండోసారి నవ్వుతారు, ఆ తర్వాత ఏమీ అడగరు. బస్సు తాళాలు అప్పగించిన రోజునుంచీ తనను ఎవరైనా ఏమైనా అడిగారంటే అది ఫుట్‌బాల్ గురించే. ఇకమీదట తను షాపులోకి వెళ్తే, వాన పడేలా ఉందంటారు, అంతే. అది తలుచుకుంటే అతనికి నిజంగా భయమేసింది.

ఈస్టర్ ఉదయం తెల్లటి లిల్లీపూల మధ్య, పాటగాళ్ల వరసలో, హోబర్ట్ పసుపుపచ్చగా నిలబడ్డాడు. చిన్నపిల్లలు వేళ్లు చూపించారు. రెండో కీర్తన సగంలో ఉండగా వాన మొదలైంది. మూడో కీర్తనకు కప్పు కారడం మొదలైంది. మొదటి చుక్క గ్యాంబుల్ బట్టతల మీద పడింది. అతను పక్కకు జరిగాడు. అక్కడా పడింది.

పాస్టరుగారు వేదిక మీంచి కప్పుకేసి చూసి, "బ్రదర్ హోబర్ట్ ఈ ఏడు కూడా చాలా శ్రమపడ్డారు," అన్నారు. ఆమెన్ అన్నవాళ్లకంటే నవ్వినవాళ్లే ఎక్కువ.

ఆరాధన అయిపోయినా వాన తగ్గలేదు. జనమంతా గుమ్మం దగ్గర గుంపుగా ఆగిపోయారు. హోబర్ట్ గోడవారగా తప్పుకుని పోదామనుకుంటుంటే, గ్యాంబుల్ రుమాలుతో తల తుడుచుకుంటూ అడ్డం వచ్చాడు.

"నలభై ఒకటో నంబరు చొక్కాలు ఉతుక్కి రోజూ రెండొస్తాయని మా వదిన ముందే చెప్పిందిరా," అన్నాడు.

"తెలిసే పందెం ఒప్పుకున్నావా?"

"నువ్వు కాస్తానన్నావు, నేను సరేనన్నాను." గ్యాంబుల్ రుమాలు పిండాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అది సరేగానీ, ఆ ఇద్దర్లో మెరుగెవడు? మట్టి మరకల్లో అది తెలియట్లేదు."

గుమ్మం దగ్గర డెల్బర్ట్ ఇటు తిరిగాడు. అతని వెనక ఇంకో నలుగురు తిరిగారు. అందరూ పసుపు చొక్కా కేసే చూస్తున్నారు, చొక్కాను చూడటానికి కాదు.

"తెలీదు," అన్నాడు హోబర్ట్.

అతని నోట ఆ మాట వినడం హాలోవేకు అదే మొదలు. జెనీవా చేతిసంచీ కింద పడింది.

"ఇద్దర్నీ సగం సగమే చూశాను, షెడ్డు అడ్డం. కప్పుకు తూర్పు కొసన కూర్చుంటే మైదానమంతా కనిపిస్తుంది. కానీ అటు నేల పల్లం, నిచ్చెన నిలవదు. ఎవరైనా కింద పట్టుకోవాలి."

గ్యాంబుల్ తలెత్తి కప్పు చూశాడు. ఇంకో చుక్క నుదుటి మీద పడింది.

"ఎలాగూ కారుతోంది కదా," అన్నాడు. "వచ్చే మార్చిలో నేను పట్టుకుంటాలే."

పాస్టరు అంబ్రోస్ గారు ఇదంతా విని, ఇంకో రెండు బకెట్లు కొని ఉంచమని సంఘపెద్దలకు చెప్పారు.